న్యూ వేవ్ పాటలు 40 ఏళ్లయినా ఎందుకు మర్చిపోలేం? 7 పాటలు, వాటి వెనకున్న మెషిన్లు

కొత్త ఇయర్‌బడ్స్ రివ్యూకి వచ్చిన ప్రతిసారీ నేను ఒకే ప్లేలిస్ట్ పెడతాను. అందులో మన పాటలు కొన్ని, వాటితో పాటు 1979 నుంచి 1985 మధ్య వచ్చిన ఇంగ్లిష్ పాటలు ఏడు ఉంటాయి. ఈ ఏడూ న్యూ వేవ్ అనే కోవలోవి. "అంత పాత పాటలతో ఇప్పటి బడ్స్‌ని టెస్ట్ చేయడమేంటి బ్రో" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందుకే ఈసారి డ్రైవర్ సైజు, బ్యాటరీ, కోడెక్ లెక్కలు పక్కనపెట్టి ఆ ఏడు పాటల గురించే రాస్తున్నా. మన సైట్‌కి ఇది సంబంధం లేని టాపిక్ అనుకోకండి. ఈ పాటల్లో సగం కథ గ్యాడ్జెట్లదే.

ముందు ఒక మాట. న్యూ వేవ్ పేరు మీకు కొత్తయినా ఆ సౌండ్ మాత్రం కొత్త కాదు. నెట్ సెంటర్‌లో గంటకి ఇంత అని కట్టి జీటీఏ వైస్ సిటీ ఆడిన బ్యాచ్ మీరైతే, కారెక్కగానే మోగే రేడియోలో వేవ్ 103 అనే స్టేషన్ ఉండేది, గుర్తుందా? ఆ స్టేషన్ నిండా న్యూ వేవ్ పాటలే. నేనూ మొదట విన్నది అక్కడే. మిషన్ సంగతి మా అన్నయ్య చూసుకునేవాడు, రేడియో స్టేషన్ మార్చే కీ మాత్రం నాది. ఆ ఆట ఆడనివాళ్లు ద వీకెండ్ పాడిన 'బ్లైండింగ్ లైట్స్' అయినా వినే ఉంటారు. 2019 చివర్లో వచ్చిన ఆ పాట ఒంటినిండా ఎనభైల సింథసైజర్ బట్టలే.

అసలు న్యూ వేవ్ అంటే?

సినిమా వాళ్లు చెప్పే ఫ్రెంచ్ న్యూ వేవ్ వేరు, ఇది వేరు. 1976-77లో బ్రిటన్, అమెరికాల్లో పంక్ రాక్ వచ్చింది. మూడు కార్డులు, గట్టి అరుపు, సంగీతం నేర్చుకోకపోయినా పర్లేదు, స్టేజీ ఎక్కేయ్ అనే ధైర్యం. రేడియో స్టేషన్లు ఆ పేరు వింటేనే భయపడ్డాయి. అందుకని సైర్ రికార్డ్స్ నడిపిన సీమోర్ స్టైన్ లాంటివాళ్లు తమ బ్యాండ్లను పంక్ అనకుండా న్యూ వేవ్ అని ప్రచారం చేశారు. పేరు మార్కెటింగ్ కోసం పుట్టినా దాని కింద చేరిన కుర్రాళ్లు మాత్రం నిజంగానే కొత్త దారి పట్టారు. పంక్ ఇచ్చిన తెగింపు వదల్లేదు. గిటార్ ఒక్కటే చాలదనుకుని సింథసైజర్లు, డ్రమ్ మెషిన్లు పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆ మెషిన్లు చిన్న బ్యాండ్ల చేతికి రావడం మొదలైంది. సోనీ వాక్‌మన్ మార్కెట్లోకి వచ్చింది కూడా 1979లోనే. పాట తయారయ్యే పద్ధతి, పాట వినే పద్ధతి దాదాపు ఒకేసారి మారిపోయాయి.

ఇక నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ పాటలు గుర్తుండిపోవడానికి కారణం ఆ మెషిన్లు గొప్పవి కావడం కాదు. వాటికి చేతకానిది చాలా ఉండేది. అందువల్ల ప్రతి చోటా మనిషి ఏదో ఒకటి తేల్చుకోక తప్పలేదు. అలా తేల్చుకున్నవే మన చెవిలో ఉండిపోయాయి. ఒక్కో పాటలో చూద్దాం.

1. 'కార్స్' – గ్యారీ న్యూమన్ (1979)

పంక్ ఆల్బమ్ రికార్డ్ చేద్దామని స్టూడియోకి వెళ్లిన న్యూమన్‌కి అక్కడ ఎవరో వదిలేసి వెళ్లిన మినీమూగ్ సింథసైజర్ కనిపించింది. ఒక కీ నొక్కాడు. గది అదిరిపోయింది. అంతకుముందు వాడినవాళ్లు పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండటం అతని అదృష్టం. 'కార్స్' ఉన్న 'ది ప్లెజర్ ప్రిన్సిపల్' ఆల్బమ్‌కి వచ్చేసరికి గిటార్‌ని పూర్తిగా తీసేశాడు.

మినీమూగ్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు కీలు కలిపి నొక్కినా మోగేది ఒక్కటే. కార్డులతో ఖాళీలు నింపేయడం కుదరదు కాబట్టి ఆ ఒక్క లైనే పాటని మోయాలి. దానికి జతగా పాలీమూగ్ అనే ఇంకో మెషిన్ నుంచి మంచులా కమ్ముకునే చల్లటి శబ్దం తీసుకున్నాడు. డ్రమ్స్ మాత్రం మనిషి వాయించినవే. రోడ్డు మీద గొడవైతే కారు తలుపులు లాక్ చేసుకుని ఎలాగో బయటపడ్డ అనుభవం నుంచి పుట్టిన పాట ఇది. కారే కోట, కారే జైలు. విచిత్రమేంటంటే సగం దూరం వచ్చేసరికి పాడటం అయిపోతుంది, మిగతా సగం మెషిన్లదే. మనిషి అద్దాలు ఎక్కించేసుకున్నట్టు.

ఇయర్‌ఫోన్‌లో వినాల్సింది: కింద బరువుగా నడిచే సింథ్, పైన టాంబరిన్ జల్లు. రెండూ ఒకదాన్నొకటి కప్పేయకుండా వినిపిస్తే మీ బడ్స్ ట్యూనింగ్ బాగున్నట్టే.

2. 'హార్ట్ ఆఫ్ గ్లాస్' – బ్లాండీ (1979)

న్యూయార్క్ పంక్ క్లబ్బుల్లో పెరిగిన బ్యాండ్ డిస్కో పాట చేయడం అప్పట్లో పార్టీ ఫిరాయించడం లాంటిది. ఈ ట్యూన్ మీద వాళ్లు 1975 నుంచీ కుస్తీ పడుతున్నారు. నిర్మాత మైక్ చాప్‌మన్ దగ్గరికి వచ్చాక రోలాండ్ సీఆర్-78 అనే డ్రమ్ మెషిన్ దానికి దారి చూపించింది. పాట మొదట్లో టిక్కుటిక్కుమని వినిపించేది అదే. 1978లో వచ్చిన ఆ చెక్కపెట్టెలో మైక్రోప్రాసెసర్ ఉంది, మన సొంత రిథమ్ కొన్ని దాచుకునే మెమరీ కూడా ఉంది. డ్రమ్మర్ క్లెమ్ బర్క్ ఆ మెషిన్ టైమింగ్‌కి అతుక్కునేలా వాయించాల్సి వచ్చింది.

మామూలుగా 4 లెక్కలో వెళ్లే పాట మధ్యలో ఒక వాద్య భాగంలో 7కి మారుతుంది. మన మిశ్రచాపు లెక్క అన్నమాట. డాన్స్ చేసేవాళ్ల కాలు ఒక్క క్షణం తడబడుతుంది. పైన డెబ్బీ హ్యారీ గొంతు మాత్రం ఏమీ జరగనట్టు తేలిపోతుంది. ప్రేమ పగిలిపోయిందని ఇంత తేలిగ్గా చెప్పిన పాట ఇంకోటి వెతకడం కష్టం.

ఇయర్‌ఫోన్‌లో వినాల్సింది: మొదటి 10 సెకన్లలో ఆ టిక్‌టిక్. చెవిలో గుచ్చుకుంటే ట్రెబుల్ ఎక్కువైనట్టు, మసగ్గా ఉంటే తక్కువైనట్టు.

3. 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్' – టాకింగ్ హెడ్స్ (1980)

దీంట్లో వ్యవహారం తిరగబడింది. నైజీరియా సంగీతకారుడు ఫెలా కూటీ రికార్డులు విని, ఒకే రిథమ్ మీద చాలాసేపు నిలబడటంలో ఉన్న బలం ఈ బ్యాండ్‌కి, నిర్మాత బ్రయన్ ఈనోకి పట్టుకుంది. ఇప్పుడైతే ల్యాప్‌టాప్‌లో ఒక లూప్ కట్ చేసి కాపీ పేస్ట్ చేస్తాం. అప్పుడు ఆ సౌకర్యం లేదు. కాబట్టి మనుషులే లూప్‌లా మారి అదే ముక్కని మళ్లీ మళ్లీ వాయించారు. అలా వాయించినప్పుడు ప్రతి సారీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. పాట ఒకే చోట తిరుగుతున్నా బోర్ కొట్టకపోవడానికి కారణం ఆ తేడానే. టీనా వేమౌత్ బేస్ లైన్ వినండి, ఎంత తక్కువ వాయించిందో, దాన్ని ఎంత నమ్ముకుందో తెలుస్తుంది.

పైన డేవిడ్ బర్న్ రేడియోలో ప్రసంగించే పాస్టర్ల ధోరణి పట్టుకుని మాట్లాడుతున్నట్టు పాడతాడు. ఉన్నట్టుండి ఒకరోజు తన ఇల్లు, తన కుటుంబం చూసుకుని, అసలు ఇక్కడికి ఎలా వచ్చానని కంగారుపడే మనిషి గొడవ అది. జీతం, ఈఎంఐ, అప్రైజల్ చక్రంలో ఉన్న మన ఐటీ జనానికి ఈ పాట వివరించక్కర్లేదు.

ఇయర్‌ఫోన్‌లో వినాల్సింది: ఒక్కో వాద్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. రివ్యూల్లో ఇన్‌స్ట్రుమెంట్ సెపరేషన్ అని మేం రాసేది దీన్నే.

4. 'డోంట్ యు వాంట్ మీ' – ద హ్యూమన్ లీగ్ (1981)

షెఫీల్డ్ బ్యాండ్ ఇది. వ్యవస్థాపకులు ఇద్దరు వెళ్లిపోయాక గాయకుడు ఫిలిప్ ఓకీ, నైట్‌క్లబ్‌లో డాన్స్ చేస్తున్న ఇద్దరు స్కూలు అమ్మాయిల్ని చూసి బ్యాండ్‌లోకి పిలిచాడు. వాళ్లలో సూసన్ ఆన్ సలీ ఈ పాటలో ఓకీకి జవాబు చెప్తుంది. అతనేమో నిన్ను పైకి తెచ్చింది నేనే అంటాడు. ఆమె, నువ్వు లేకపోయినా వచ్చేదాన్నే అన్నట్టు ప్రశాంతంగా బదులిస్తుంది. నాలుగు నిమిషాల్లో ఇద్దరి వాదన పెట్టి, తీర్పు మనకే వదిలేస్తుంది పాట.

వెనక డ్రమ్స్ లిన్ ఎల్ఎం-1వి. నిజమైన డ్రమ్స్ శబ్దాల్ని చిప్స్‌లో రికార్డ్ చేసి పెట్టుకున్న తొలి డ్రమ్ మెషిన్ ఇది, ధర 4,995 డాలర్లు. అంత డబ్బు పెట్టినా అందులో క్రాష్ సింబల్ లేదు. సింబల్ చాలాసేపు మోగుతుంది, అంత శబ్దం దాచాలంటే మెమరీ ఎక్కువ కావాలి, అప్పట్లో మెమరీ చిప్స్ ధర ఆకాశంలో ఉండేది. మన ఫోన్లలో స్టోరేజ్ నిండిపోవడం కొత్త సమస్యేం కాదు. ఆ మెషిన్ ఇచ్చే పొడి శబ్దం వల్ల గొంతుల చుట్టూ బోలెడు ఖాళీ మిగిలింది. అందుకే ఒక్క మాట కూడా మిస్ అవ్వం. తమాషా ఏంటంటే ఈ పాట ఓకీకే నచ్చలేదు, ఆల్బమ్ చివర్లో పెట్టించాడు. రికార్డ్ కంపెనీ పట్టుబట్టి సింగిల్‌గా వదిలితే ఆ క్రిస్మస్‌కి బ్రిటన్‌లో నంబర్ 1 అయి కూర్చుంది.

ఇయర్‌ఫోన్‌లో వినాల్సింది: అతని గొంతు లోతు, ఆమె గొంతు మామూలుతనం. మిడ్స్ బాగున్న బడ్స్‌లోనే ఆ తేడా తెలుస్తుంది.

5. 'స్వీట్ డ్రీమ్స్' – యూరిథ్మిక్స్ (1983)

ఆనీ లెనాక్స్, డేవ్ స్టీవర్ట్ అప్పటికే జంటగా విడిపోయారు, బ్యాండ్‌గా మాత్రం కలిసే ఉన్నారు. బ్యాంకు లోన్ తీసుకుని సామాను కొన్నారు. లండన్‌లో ఫోటో ఫ్రేములు కట్టే చోట పైగదిలో 8 ట్రాకుల టేప్ మెషిన్ పెట్టుకుని రికార్డ్ చేశారు. పెద్ద స్టూడియోల్లో అప్పుడు 24 ట్రాకులు మామూలు. 8 మాత్రమే ఉంటే ప్రతి శబ్దానికీ ఒక ఇంటర్వ్యూ పెట్టాలి, అవసరం లేనివాడు బయటికి. పాటలో ఒకచోట గాజు మీద కొట్టినట్టు వినిపించేది నిజంగా గాజే. పాల సీసాల్లో నీళ్లు పోసి శ్రుతి చేసి కొట్టారు.

టైటిల్ చూసి హాయిగా ఉండే పాట అనుకుంటారు చాలామంది. వినండి, ఒకరినొకరు వాడుకునే లోకం గురించి లెనాక్స్ ఎంత నిర్మొహమాటంగా పాడుతుందో. డబ్బుల్లేని రోజుల చేదు అంతా అందులో ఉంది. ఆ పైగది పాట అమెరికాలో నంబర్ 1 అయింది.

ఇయర్‌ఫోన్‌లో వినాల్సింది: ఆ సీసాల మోత, దాని వెనకాల పొరలుగా పేర్చిన లెనాక్స్ గొంతులు.

6. 'బ్లూ మండే' – న్యూ ఆర్డర్ (1983)

1980లో గాయకుడు ఇయాన్ కర్టిస్ 23 ఏళ్లకే చనిపోవడంతో జాయ్ డివిజన్ అనే బ్యాండ్ ఆగిపోయింది. మిగిలినవాళ్లు న్యూ ఆర్డర్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. పాడటం గిటారిస్ట్ బెర్నార్డ్ సమ్నర్ నెత్తిన పడింది. అతనే కిట్ కొనుక్కుని సోల్డరింగ్ చేసి సొంతంగా ఒక సీక్వెన్సర్ కట్టుకున్నాడు. మెషిన్లన్నీ ఒకే భాషలో మాట్లాడుకునే మిడి పద్ధతి అప్పుడే, అదే ఏడాది మొదలవుతోంది. కాబట్టి సీక్వెన్సర్‌నీ ఓబర్‌హైమ్ డీఎంఎక్స్ డ్రమ్ మెషిన్‌నీ కలపడానికి విడిగా సర్క్యూట్ కావాల్సి వచ్చింది. ఏపీఐ డాక్యుమెంటేషన్ లేకుండా రెండు సిస్టమ్స్ కలిపినవాళ్లకి ఆ నొప్పి తెలుసు.

స్వరాలన్నీ గిలియన్ గిల్బర్ట్ కాగితాల మీద రాసి, కాగితాలు ఒకదానికొకటి అతికించి, ఒక్కోటిగా మెషిన్‌లోకి ఎక్కించింది. మధ్యలో ఒక స్వరం తప్పిపోయింది. దాంతో సింథ్ మెలడీ డ్రమ్స్‌కి కాస్త పక్కకి జరిగింది. వాళ్లు విన్నారు, బాగుందనుకున్నారు, అలాగే ఉంచేశారు. ఏడున్నర నిమిషాల ఈ పాట వింటుంటే నేల కొంచెం వాలుగా ఉన్నట్టు అనిపించేది అందుకే. ఆ కదిలే నేల మీద సమ్నర్ ఏ భావమూ చూపించకుండా పాడతాడు. ఏడవడానికి కూడా ఓపిక లేనివాడి గొంతు అది.

రికార్డ్ కవర్‌ని పీటర్ సావిల్ ఫ్లాపీ డిస్క్ ఆకారంలో డిజైన్ చేశాడు. పేరు అక్షరాల్లో లేదు, రంగుల కోడ్‌లో ఉంది. ఇప్పటికీ ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన 12 అంగుళాల సింగిల్ ఇదే అంటారు.

ఇయర్‌ఫోన్‌లో వినాల్సింది: మొదట్లో వచ్చే కిక్ డ్రమ్. ప్రతి దెబ్బా విడిగా, గట్టిగా తెగాలి. అన్నీ కలిసి బుంయ్యిమంటే ఆ బడ్స్ బేస్ ఎక్కువ ఇస్తున్నాయే కానీ మంచి బేస్ ఇవ్వట్లేదు.

7. 'టేక్ ఆన్ మీ' – ఆహా (1985)

నార్వే కుర్రాళ్లు ముగ్గురు. ఈ పాట 1984లో ఒకసారి విడుదలై ఫ్లాప్ అయింది. నిర్మాత అలన్ టార్నీతో మళ్లీ రికార్డ్ చేశారు. ఆ తర్వాత స్టీవ్ బారన్ తీసిన వీడియో వచ్చింది. పెన్సిల్ బొమ్మలోంచి చేయి బయటికొచ్చే ఆ వీడియోకి దాదాపు 3,000 ఫ్రేములు చేత్తో గీయాల్సి వచ్చింది, 16 వారాలు పట్టింది. 1985 అక్టోబర్‌లో పాట అమెరికాలో నంబర్ 1, 2020లో యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్.

పాత వెర్షన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన వినండి. ట్యూన్ అదే, గాయకుడు అదే. మారింది ఏది ముందుకి తేవాలి, ఏది వెనక్కి తొయ్యాలి అనే నిర్ణయం. మోర్టెన్ హార్కెట్ గొంతు మెట్టు మెట్టుగా పైకెక్కి చివరి స్వరం అందుకునేటప్పుడు రెండో వెర్షన్‌లో దారి అంతా ఖాళీ చేసి ఉంచారు.

ఇయర్‌ఫోన్‌లో వినాల్సింది: ఆ పై స్వరం. అక్కడ గొంతు చీలినట్టు వినిపిస్తే తప్పు హార్కెట్‌ది కాదు.

ఏడింటిలో కామన్ ఏంటి?

మొదటిది, అయిదు సెకన్లలో పాట పేరు చెప్పేయగలం. ట్యూన్ మొదలవకముందే ఆ శబ్దమే ముఖం. రెండోది, మెషిన్ చల్లగా లెక్క తప్పకుండా నడుస్తుంటే మనిషి గొంతు దాని మీద భయంగానో, కోపంగానో, నీరసంగానో నిలబడుతుంది. రెండూ ఒకేలా ఉంటే ఆ కరెంటు పుట్టదు. మూడోది, డాన్స్ చేయించే బీట్ కింద బాధ దాగి ఉంటుంది. కాలు ఆడుతూ ఉంటుంది, కడుపులో ఏదో కదులుతూ ఉంటుంది.

అవే మెషిన్లు పట్టుకుని ఇంకో దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు రోలాండ్ మెషిన్లు మూడు పెట్టుకుని పది రాగాలకు డిస్కో బీట్ కట్టాడు. అందులో టీబీ-303 అనే పెట్టె ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారగలదు. బేస్ గిటార్‌కి బదులుగా చేసిన ఆ పెట్టెలో ఆయనకి రాగాలకు కావాల్సిన జారుడు వినిపించింది. అప్పట్లో ఆ రికార్డ్ ఎవరికీ పట్టలేదు, ఈ శతాబ్దంలో ప్రపంచం వెతుక్కుని మరీ విన్నది. మెషిన్ కొత్త శబ్దం ఇస్తుంది. దాంతో ఏం చెప్పాలో మాత్రం వాడేవాడే తేల్చుకోవాలి.

ఇప్పుడు దీని గోల ఎందుకు?

1982లోనే బ్రిటన్ మ్యుజీషియన్స్ యూనియన్ సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లు, డ్రమ్ మెషిన్లు నిషేధించాలని తీర్మానం చేసింది. వాళ్ల భయం పొట్టకూటి భయం, నవ్వి కొట్టిపారేసేది కాదు. ఈరోజు రెండు లైన్లు టైప్ చేస్తే నిమిషం లోపు పాట తయారుచేసి ఇచ్చే ఏఐ యాప్స్ వచ్చాక అదే చర్చ మళ్లీ మొదలైంది. "అప్పుడూ ఇలాగే భయపడ్డారు, ఏమైంది?" అని నా ఆఫీసులోనే రోజుకొకరు అంటారు.

నేను రోజూ ఏఐ టూల్స్‌తో కోడ్ రాసేవాడినే, వాటి మీద నాకు కోపం లేదు. కానీ ఈ పోలిక సగమే నిజం. ఎల్ఎం-1 అలసిపోకుండా డ్రమ్స్ కొట్టింది, అంతే. క్రాష్ సింబల్ లేని పాటలో ఆమె గొంతు ఎక్కడ రావాలో అది చెప్పలేదు. తప్పిపోయిన స్వరాన్ని ఉంచాలా తీసేయాలా అని సీక్వెన్సర్ తేల్చలేదు. అప్పటి మెషిన్లు చాకిరీ తీసుకుని నిర్ణయాలు మనకి వదిలాయి. ఇప్పటి యాప్స్‌లో బటన్ నొక్కితే ముందుగా చేజారేది నిర్ణయమే. తేడా అక్కడుంది. యాప్ వాడొద్దని నేను అనట్లేదు. ఏది మీరు తేల్చుకుంటున్నారో, ఏది దానికి వదిలేస్తున్నారో తెలిసి వాడమంటున్నా.

ఎలా వినాలి?

ఈ ఏడు పాటలకు ఖరీదైన సెటప్ అక్కర్లేదు, ఏదైనా ఓ మాదిరి ఇయర్‌ఫోన్ చాలు. బేస్ బూస్ట్, స్పేషియల్ ఆడియో ఆఫ్ చేయండి. ఈక్వలైజర్ ఫ్లాట్‌లో పెట్టండి. వాల్యూమ్ సగం దాటక్కర్లేదు. రిపీట్‌లో ఒక్కో పాట మూడుసార్లు: ఒకసారి గొంతు కోసం, ఒకసారి డ్రమ్స్ కోసం, ఒకసారి ఏది లేదో వెతకడం కోసం. మూడోసారే అసలు మజా.

ఇంకా ఆసక్తి ఉంటే ఫోన్‌లో ఏదైనా ఉచిత మ్యూజిక్ మేకింగ్ యాప్ తెరవండి. వందల సౌండ్స్ చూపిస్తుంది. ఒక డ్రమ్ కిట్, ఒక సింథ్, మీ గొంతు, అంతే తీసుకోండి. మిగతావి లేవనుకోండి. గంటసేపు కూర్చోండి. పాట రావచ్చు, రాకపోవచ్చు. కానీ తర్వాత 'బ్లూ మండే' పెట్టి చూడండి, ప్రతి శబ్దం వెనకాల ఒక మనిషి "ఇది ఉండనీ" అని చెప్పడం వినిపిస్తుంది.